రోడ్డు పడితే పెరిగిన ధర ఎవరిది? భూమి విలువతో నగరాలు కట్టే లెక్క

2025 అక్టోబరులో హైదరాబాద్ రాయదుర్గంలో ఎకరం 177 కోట్ల రూపాయల చొప్పున వేలంలో పోయింది. ఆ తర్వాతి నెలలో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 150 కోట్లు దాటింది. అదే ఏడాది చివర్లో అమరావతి చుట్టూ మరో ఏడు గ్రామాల్లో రెండో విడత భూసమీకరణకు (రైతుల భూమి తీసుకుని, అభివృద్ధి చేశాక కొంత ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పద్ధతి) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఈ వార్తలన్నిటినీ 'భూమి ద్వారా అభివృద్ధికి నిధులు' అని ఒకే గాటన కట్టేయడం అలవాటైపోయింది. కానీ వీటిలో ఒకటి ఉన్న ఆస్తిని అమ్ముకోవడం, ఇంకొకటి ఇంకా పుట్టని విలువను ముందుగానే పంచుకోవడం. రెండింటికీ లాభనష్టాలు వేరు, ప్రమాదాలు వేరు.

క్లుప్తంగా

రోడ్డు, మెట్రో, మంచినీటి లైను వంటివి ప్రజల డబ్బుతో వస్తాయి. వాటివల్ల పక్కనున్న ప్రైవేటు భూముల ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంత భాగాన్ని తిరిగి రాబట్టి ఆ పనులకే ఖర్చు పెట్టడాన్ని ల్యాండ్ వాల్యూ క్యాప్చర్ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఇందుకు పనికొచ్చే సాధనాలు చాలానే ఉన్నాయి. అయితే ఎక్కువ డబ్బు ప్రభుత్వ భూముల అమ్మకం నుంచి వస్తోంది, పెరిగిన ప్రైవేటు విలువ నుంచి వచ్చేది తక్కువ. వచ్చిన దానిలో కూడా పెద్ద వాటా మున్సిపాలిటీలకు చేరడం లేదు. అమరావతి మాత్రం నేరుగా విలువ మీదే పందెం కాసిన ప్రయోగం. అందుకే దాని కష్టాలు కూడా వేరే రకం.

ధర ఎందుకు పెరుగుతుంది

ఒక ఊహాజనిత లెక్క తీసుకుందాం. ఊరికి దూరంగా, డొంకదారి తప్ప రోడ్డు లేని పొలం ఎకరం 50 లక్షలు. దాని పక్క నుంచి వంద అడుగుల రోడ్డు వేశారు, కృష్ణా నీళ్ల పైపు వచ్చింది. ఎకరం 2 కోట్లయింది. పొలం యజమాని ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు, నేల సారం పెరగలేదు. పెరిగిన కోటిన్నర పూర్తిగా రోడ్డూ నీళ్లూ తెచ్చిపెట్టిందే. రోడ్డుకు డబ్బు కట్టినవాళ్లలో ఆ ప్రాంతం ముఖం చూడని పన్ను చెల్లింపుదారులు కూడా ఉన్నారు.

పెరిగిన ధర అంతా యజమానిదే అంటే ప్రభుత్వం తర్వాతి రోడ్డుకు మళ్లీ అప్పు చేయాలి. అంతా ప్రభుత్వానిదే అంటే యజమాని సహకరించడు, భూమి దాచిపెడతాడు, కోర్టుకు వెళతాడు. కాబట్టి ప్రపంచంలో ఎక్కడైనా బేరం మధ్యలో ఎక్కడో కుదురుతుంది. కొలంబియాలో 1997 చట్టం ఈ వాటాను సూటిగా రాసిపెట్టింది. ప్రణాళికా నిర్ణయం వల్ల, అంటే వ్యవసాయ భూమిని పట్టణ భూమిగా మార్చడం, ఎక్కువ అంతస్తులకు అనుమతివ్వడం వంటి వాటివల్ల పెరిగిన విలువలో 30 నుంచి 50 శాతం మున్సిపాలిటీ తీసుకోవచ్చు. అక్కడ రోడ్ల ఖర్చును పక్క యజమానుల నుంచి వసూలు చేసే పద్ధతి 1921 నుంచీ ఉంది.

మన దగ్గర ఇంత సూటిగా శాతం చెప్పే చట్టం లేదు. బెటర్‌మెంట్ చార్జీలు (సౌకర్యాలు మెరుగైనందుకు స్థల యజమాని కట్టేవి), డెవలప్‌మెంట్ చార్జీలు, ఇంపాక్ట్ ఫీజు, లేఅవుట్‌లో పార్కు స్థలం, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ వసూళ్లు, ఖాళీ స్థలం పన్ను, రిజిస్ట్రేషన్‌లో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అంటూ చిన్న చిన్న పాయల్లో వస్తుంది. అయితే ఇవేవీ 'ఈ రోడ్డు వల్ల మీ స్థలానికి ఎంత కలిసొచ్చింది' అని అడగవు. చాలా వాటికి గజాల లెక్కే ఆధారం, లేదంటే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో రాసి ఉన్న విలువ ఆధారం.

2017లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ వాల్యూ క్యాప్చర్ మీద ఒక విధాన పత్రం తెచ్చింది. అదే ఏడాది వచ్చిన మెట్రో రైలు విధానం కూడా కేంద్ర సాయం కోరే రాష్ట్రాలు ఈ దారిలో ఎంత రాబట్టగలవో చెప్పాలని అడిగింది. అప్పటి నుంచి ప్రతి పెద్ద ప్రాజెక్టు నివేదికలో ఈ మాట కనిపిస్తోంది. నివేదికలో రాసినంత తేలిగ్గా వసూలు జరగడం లేదు.

అమ్మడం వేరు, వాటా తీసుకోవడం వేరు

కోకాపేట కథ ఇక్కడ ముఖ్యం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, పక్కనే పెరిగిన గచ్చిబౌలి ఐటీ ప్రాంతం కలిసి కోకాపేట నేల విలువను మార్చేశాయి. 2021 జులైలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) అక్కడ సుమారు 50 ఎకరాలు వేలం వేస్తే 2,000 కోట్లు వచ్చాయి. అప్పటి గరిష్ఠ ధర ఎకరానికి 60.2 కోట్లు. 2023 ఆగస్టులో 45 ఎకరాల చిల్లరకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి, గరిష్ఠ ధర 100.75 కోట్లు. 2025 నవంబరుకు అది 150 కోట్లు దాటింది.

ఔటర్ వేసిన సంస్థే పక్కన భూమి అమ్ముకుంటే, రోడ్డు పెంచిన విలువ ప్రజలకే తిరిగి వచ్చినట్టు కాదా? అమ్మిన ఆ ఎకరాల వరకు వచ్చినట్టే. కానీ ఔటర్‌కు అటూ ఇటూ వేల ఎకరాల ప్రైవేటు భూముల ధర కూడా పెరిగింది. వాటి పెరుగుదలలో ప్రజల వాటా అక్కడొక ఫీజు, ఇక్కడొక చార్జీ మాత్రమే. ప్రభుత్వం చేతిలో ఉన్న ముక్కకు పూర్తి విలువ వచ్చింది, లేని ముక్కలకు దాదాపు ఏమీ రాలేదు. పైగా వేలం ఒక్కసారే. అమ్మిన ఎకరం వచ్చే ఏడాది మళ్లీ అమ్మకానికి రాదు, దాని ధర ఇంకా పెరిగితే ఆ లాభం కొన్నవారిదే.

ఔటర్ విషయంలో ఇంకో గందరగోళం కూడా ఉంది. 2023లో ఆ రోడ్డు టోల్ వసూలును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. దాన్ని కూడా కొందరు ల్యాండ్ వాల్యూ క్యాప్చర్ కింద లెక్కేస్తున్నారు. టోల్ కట్టేది కారులో వెళ్లేవాళ్లు. పక్కన వెంచర్ వేసి అమ్ముకున్నవాళ్లు కాదు. రోడ్డు వాడుకున్నందుకు తీసుకునే డబ్బు, రోడ్డు వల్ల ఆస్తి పెరిగినందుకు తీసుకునే డబ్బు ఒకటి కావు.

భూమి అమ్మకం మీద ఆధారపడితే ఎక్కడిదాకా వెళ్లవచ్చో చైనా చూపించింది. అక్కడ పట్టణ భూమి ప్రభుత్వానిది. ఇళ్లకు 70 ఏళ్ల హక్కు అమ్ముతారు. స్థానిక ప్రభుత్వాలు ఆ డబ్బుతో, ఆ డబ్బును చూపి తెచ్చిన అప్పులతో రోడ్లు, మెట్రోలు, కొత్త నగరాలు కట్టాయి. 2021లో ఈ అమ్మకాల రాబడి సుమారు 8.7 లక్షల కోట్ల యువాన్లకు చేరింది. బిల్డర్లు అప్పుల్లో కూరుకుపోయి ఇళ్ల మార్కెట్ పడిపోయాక 2024 నాటికి అది 5 లక్షల కోట్ల లోపుకు తగ్గింది. మూడేళ్లలో నలభై శాతానికి పైగా రాబడి ఆవిరైంది. కట్టిన రోడ్ల నిర్వహణ, తెచ్చిన అప్పుల వడ్డీ మాత్రం తగ్గలేదు.

హైదరాబాద్‌కు కూడా ఈ అనుభవం కొత్త కాదు. 2006లో హెచ్ఎండీఏకు ముందున్న సంస్థ హుడా కోకాపేటలో భారీ ధరకు వేలం వేసింది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత కొన్నవాళ్లు వెనక్కి తగ్గారు, వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది.

అమ్మకానికి భూమి అయిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు కంచ గచ్చిబౌలి జవాబు చెప్పింది. 2025లో అక్కడి 400 ఎకరాలను వేలానికి సిద్ధం చేయబోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆపించింది. నగరంలో మిగిలిన ఖాళీ ప్రభుత్వ భూమి చాలాచోట్ల చెరువు శిఖమో, గుట్టో, అడవో. ధర పలకని ఆ నేల వాన నీటిని పీల్చుకుంటుంది, వేసవిలో ఊరిని చల్లగా ఉంచుతుంది. వేలం లెక్కలో ఈ విలువకు గడి లేదు.

అమరావతి: నేల ఇచ్చి నగరంలో వాటా

అమరావతిలో దారి పూర్తిగా వేరు. అక్కడ ప్రభుత్వానికి సొంతంగా భూమి పెద్దగా లేదు, కొనడానికి డబ్బూ లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకుంటే పరిహారం భారం ఎక్కువ, సమయం ఎక్కువ. అందుకే 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం చేసి, 2015లో భూసమీకరణ మొదలుపెట్టారు. 29 గ్రామాల్లో 28 వేలకు పైగా రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు.

షరతులు ఇవీ. మెట్ట భూమి ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తారు. కృష్ణ ఒడ్డున ఏడాది పొడవునా పండే జరీబు భూమికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. పదేళ్లపాటు ఏటా కౌలు: మెట్టకు 30 వేలతో మొదలై ఏటా 3 వేలు పెరుగుతుంది, జరీబుకు 50 వేలతో మొదలై ఏటా 5 వేలు పెరుగుతుంది. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు.

లెక్క చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎకరమంటే 4,840 గజాలు. మెట్ట రైతుకు తిరిగి వచ్చేది 1,250 గజాలు, అంటే సుమారు 26 శాతం. జరీబు రైతుకు 1,450 గజాలు, సుమారు 30 శాతం. మిగిలిన 70 శాతానికి పైగా రోడ్లకు, పార్కులకు, ప్రభుత్వ భవనాలకు పోగా, కొంత భాగం నగరం అమ్ముకోవడానికి ఉంటుంది. కాబట్టి ఇచ్చిన భూమి విలువైనా తిరిగి రావాలంటే మెట్ట రైతు విషయంలో గజం ధర దాదాపు నాలుగు రెట్లు కావాలి. జరీబు రైతుకు మూడు రెట్ల పైచిలుకు కావాలి. జరీబు ధర మొదటే ఎక్కువ కనుక అక్కడ మూడు రెట్లు అనేది ఇంకా పెద్ద మెట్టు. ఆ స్థాయి దాటాకే రైతుకు లాభం మొదలవుతుంది.

ఇక్కడ రైతు భూమి అమ్మలేదు. నగరం వస్తుందన్న నమ్మకానికి భూమిని పెట్టుబడి పెట్టాడు. కంపెనీలో వాటాదారు అలాంటి పని చేస్తే దాన్ని రిస్క్ అంటారు, నష్టం వస్తే ఏం చేయాలో ముందే రాసుకుంటారు. అమరావతి రైతుకు అలాంటి రక్షణ పెద్దగా లేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో ఆ నమ్మకం ఒక్కసారిగా కూలింది. అంతకు నెల ముందే సింగపూర్ సంస్థలతో 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా ఒప్పందం రద్దయింది. రైతులు ఏళ్ల తరబడి ఉద్యమం చేశారు. 2022 మార్చిలో హైకోర్టు, రైతులకిచ్చిన మాట ప్రకారం ప్లాట్లు అభివృద్ధి చేసి అప్పగించాలని తీర్పిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాకే పనులు మళ్లీ కదిలాయి.

ఈ ఐదేళ్ల నష్టం అన్ని వర్గాలకూ ఒకేలా పడలేదు. ఐదెకరాలిచ్చిన రైతు ఆగగలడు. ఎకరంలోపు ఇచ్చినవాడికి పెళ్లి ఖర్చో, ఆసుపత్రి బిల్లో వస్తే ప్లాటు కాగితాన్ని వచ్చిన ధరకు అమ్ముకోవాల్సిందే. నగరం పూర్తయ్యేనాటికి ఆ కాగితం వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ధర పెరిగితే లాభం వాళ్లదే. కౌలు రైతు, కూలీ పరిస్థితి ఇంకా అన్యాయం. వారికి ప్లాటు రాదు, పొలం పని పోతుంది, మిగిలేది పింఛను.

నగరం వైపు నుంచి చూస్తే కూడా కాలమే సమస్య. భూమి చేతికొచ్చిన వెంటనే డబ్బు రాదు. ముందు రోడ్లు, కాలువలు, కరెంటు వేయాలి, మనుషులు రావాలి, ధర పెరగాలి, అప్పుడు అమ్మాలి. ఈ మధ్యకాలాన్ని అప్పుతో నింపాలి. 2018లో సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల బాండ్లు జారీ చేసింది. 2024 తర్వాత ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో 80 కోట్ల డాలర్ల వరకు రుణానికి ముందుకొచ్చాయి, కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో 11 వేల కోట్లు ఇచ్చేందుకు అంగీకరించింది. 'సొంత కాళ్ల మీద నిలబడే రాజధాని' అన్న మాట నిజం కావాలంటే ఈ అప్పుల వాయిదాలు మొదలయ్యేలోపు మిగులు భూమికి మంచి ధర పలకాలి. మొదటి విడత రైతుల ప్లాట్లే ఇంకా పూర్తిగా తయారు కాకముందు రెండో విడతలో మరిన్ని ఎకరాలు తీసుకుంటే, ఒకే మార్కెట్లోకి ఎక్కువ స్థలం వస్తుంది. ధర పెరుగుదల మీద నడిచే పథకానికి అది చిన్న విషయం కాదు.

అహ్మదాబాద్ ఎందుకు ఇంత గొడవ పడలేదు

భూసమీకరణ అమరావతి కనిపెట్టింది కాదు. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీముల పేరుతో వందేళ్లుగా ఉంది. దాని మూలం 1915 నాటి బొంబాయి చట్టం, ఇప్పుడు నడుస్తున్నది 1976 చట్టం. వంద హెక్టార్లో, ఇంకొంచెం ఎక్కువో తీసుకుని, అందరి భూమిలోంచీ ఒకే నిష్పత్తిలో కోత పెట్టి రోడ్లు, పార్కులు, స్కూలు స్థలాలు తీస్తారు. మిగిలిన భూమిని చక్కటి ఆకారంలో ప్లాట్లు చేసి అదే యజమానులకు, వీలైనంత వరకు పాత స్థలం దగ్గరే తిరిగి ఇస్తారు. కొంత స్థలం సంస్థ అమ్ముకోవడానికి, పేదల ఇళ్లకు పక్కన పెడతారు. పెరిగిన విలువలో సగం దాకా యజమాని నుంచి వసూలు చేసే వీలూ చట్టంలో ఉంది. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు భూమి ప్రధానంగా ఇలాగే సమకూరింది.

తేడా పరిమాణంలో ఉంది. అక్కడ స్కీము చిన్నది, నగరం అంచునే ఉంటుంది. అంటే గిరాకీ అప్పటికే వచ్చేసింది, ధర పెరుగుతుందా లేదా అన్న టెన్షన్ తక్కువ. యజమాని చేతిలో సగానికి పైగా భూమి మిగులుతుంది. ఒక స్కీము ఆగినా పక్క స్కీము నడుస్తుంది. అమరావతిలో 34 వేల ఎకరాలు ఒక్క నిర్ణయంతో ముడిపడ్డాయి, ఆ నిర్ణయం మారగానే అన్నీ ఒకేసారి ఆగాయి. గుజరాత్ పద్ధతి లోపం ఆలస్యం. స్కీము మొదటి ముసాయిదా నుంచి తుది ఆమోదం దాకా ఏళ్లు పడుతుంది. అంతలో పాత లెక్కతో వేసిన చార్జీల విలువ కరిగిపోతుంది.

మెట్రో పాఠం

రైలుకు, భూమికి ముడి వేయడంలో హాంకాంగ్‌ను అందరూ ఉదాహరణగా చూపుతారు. అక్కడ భూమి దాదాపు మొత్తం ప్రభుత్వానిదే. కొత్త లైను వేసేటప్పుడు స్టేషన్ల మీద, చుట్టూ నిర్మాణ హక్కులను ప్రభుత్వం రైలు సంస్థ ఎంటీఆర్‌కు ఇస్తుంది. ధర మాత్రం రైలు లేనప్పటి విలువ ప్రకారం కట్టించుకుంటుంది. ఎంటీఆర్ బిల్డర్లతో కలిసి టవర్లు కడుతుంది. రైలు వచ్చాక పెరిగిన విలువ దాని వాటాగా మిగులుతుంది. ఆ సంస్థలో మెజారిటీ వాటా ప్రభుత్వానిదే కనుక లాభం చివరికి ప్రజల దగ్గరికే చేరుతుంది.

హైదరాబాద్ మెట్రోలో ఇదే ఆలోచనను ప్రైవేటు సంస్థకు అప్పగించారు. 2008లో మొదటి టెండరు గెలిచిన, సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ కూటమి ప్రభుత్వ సాయం అడగకపోగా, తానే ఎదురు 30 వేల కోట్లకు పైగా ఇస్తానంది. టికెట్ల మీద అది సాధ్యం కాదని, దీని వెనక ఉన్నది భూమి వ్యాపారమేనని ఢిల్లీ మెట్రో సారథి ఈ. శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. సత్యం కుంభకోణం తర్వాత 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయంతో పని తీసుకుంది. దాని ప్రణాళికలో రాబడి సగం టికెట్ల నుంచి, 45 శాతం డిపోల్లో, స్టేషన్ల దగ్గర ఇచ్చిన స్థలాల్లో కట్టే 1.85 కోట్ల చదరపు అడుగుల భవనాల నుంచి, మిగతాది ప్రకటనల నుంచి రావాలి.

2017 నవంబరులో మెట్రో మొదలైంది. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి. అనుకున్న చదరపు అడుగుల్లో కట్టింది మాత్రం చిన్న భాగం. కరోనా వచ్చి టికెట్ల రాబడిని కూడా దెబ్బకొట్టింది. చివరికి 2025 సెప్టెంబరులో, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది.

దీన్ని సంస్థ వైఫల్యంగానో, కరోనా దెబ్బగానో మాత్రమే చూడటం సరికాదు. లోపం పథకాన్ని రూపొందించిన తీరులోనే ఉంది. మియాపూర్, నాగోలు, ఎల్బీ నగర్, అమీర్‌పేట ప్రాంతాల్లో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ప్రతి అపార్ట్‌మెంటుకూ, ప్రతి దుకాణానికీ మెట్రో వల్ల విలువ పెరిగింది. ఆ పెరుగుదలలో మెట్రోకు వాటా ఇచ్చే ఏర్పాటు లేదు. మెట్రోకు దక్కింది తన స్థలంలో తానే మాల్ కట్టి అద్దెకు ఇచ్చుకునే అవకాశం. అంటే నగరంలోని మిగతా మాల్స్‌తో పోటీపడే వ్యాపారం. విలువ పుట్టించింది రైలు, అనుభవించింది పక్కింటివాళ్లు. లండన్‌లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గానికి ఈ ఖాళీని పూడ్చడానికే 2010 నుంచి నగరంలోని పెద్ద వాణిజ్య భవనాల మీద అదనపు పన్ను వేశారు, కొత్త నిర్మాణాల మీద ప్రత్యేక చార్జీ పెట్టారు. రైలు స్థలంలో దుకాణాలు కట్టడం మీదే ఆశ పెట్టుకోలేదు.

అంతస్తులు అమ్మే నగరాలు, ఊరికే ఇచ్చిన నగరం

బ్రెజిల్‌లోని సావో పాలో ఇంకో తెలివైన దారి పట్టింది. ఎంపిక చేసిన ప్రాంతాల్లో మామూలుగా అనుమతించిన దానికన్నా ఎక్కువ నిర్మాణం చేయాలంటే సెపాక్ అనే పత్రాలు కొనాలి. 2004 నుంచి వాటిని స్టాక్ ఎక్స్ఛేంజీలో వేలం వేస్తున్నారు. వచ్చిన డబ్బును అదే ప్రాంతంలో ఖర్చు చేయాలని నిబంధన. ప్రాంతం పేరు పెరిగేకొద్దీ పత్రం ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల నగరానికే వస్తుంది. దీని మీద ఉన్న విమర్శ కూడా బరువైనదే. డబ్బు అక్కడే ఖర్చవ్వాలి కనుక ధనిక ప్రాంతం ఇంకా బాగుపడింది, శివారు పేటలకు ఆ నిధి చేరలేదు.

ముంబయిలో కూడా ఇదే సూత్రం. భూమి విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ అక్కడ తక్కువ, అదనంగా కావాలంటే ప్రీమియం కట్టాలి.

హైదరాబాద్‌కు ఈ తలుపు దాదాపు మూసుకుపోయింది. 2006లో వచ్చిన జీవో 86 తర్వాత అక్కడ ఎఫ్ఎస్ఐ పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) సరిపోతే ఎన్ని అంతస్తులైనా వేయవచ్చు. ఎత్తయిన భవనాలకు సిటీ లెవల్ ఇంఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు ఒకటి పెట్టారు. కానీ అది విస్తీర్ణానికి ఇంత అని పట్టికలో రాసిన రేటు, మార్కెట్ కట్టే ధర కాదు. కోకాపేటలో ఎకరానికి వంద కోట్లు పలకడానికి కారణాల్లో ఇదొకటి. కొన్నవాడు కొన్నది నేల మాత్రమే కాదు, దాని మీద యాభై అంతస్తుల ఆకాశం కూడా. ప్రభుత్వ భూమి అయినప్పుడు ఆ ఆకాశం ధర వేలంలో కలిసి వస్తుంది. పక్కనున్న ప్రైవేటు ఎకరంలో అదే ఆకాశం ఫీజు పోను ఉచితం.

పరిమితి లేకపోవడం ఇళ్ల సరఫరా పెంచింది, ముంబయితో పోలిస్తే ఫ్లాట్ల ధరలను అదుపులో ఉంచింది అన్న వాదన కొట్టిపారేసేది కాదు. కృత్రిమంగా పరిమితి పెట్టి ఆపై దాన్నే అమ్ముకోవడం ఇల్లు కొనేవారి మీద భారమే. అయితే నలభై, యాభై అంతస్తులు లేచిన వీధిలో మురుగు పైపు పాతదే మిగిలితే, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి డబ్బుకు బదులు ఇచ్చే టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా ఇతరులకు అమ్ముకునే హక్కు పత్రం) కూడా ఈ కుటుంబంలోదే. ఖజానా నుంచి డబ్బు తీయకుండా రోడ్డు వెడల్పు చేయడానికి మంచి సాధనం. కానీ అంతస్తులకు పరిమితే లేనిచోట టీడీఆర్ ఎవరు కొంటారు? అందుకే సెట్‌బ్యాక్ సడలింపు, ఒకటి రెండు అదనపు అంతస్తులు అంటూ గిరాకీని కల్పించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో తణుకు వంటి పట్టణాల్లో టీడీఆర్ బాండ్ల జారీలో అక్రమాల ఆరోపణల మీద విచారణలు జరిగాయి. నోట్ల కట్టలాంటి విలువున్న కాగితాన్ని జారీ చేసే అధికారం ఉన్నచోట, స్థలం విలువ కట్టే లెక్క అందరికీ కనిపించేలా ఉండాలి.

పుస్తకంలో ఒక విలువ, బజారులో ఒక విలువ

ఏ సాధనమైనా చివరికి భూమి విలువ ఎంతో తెలియాలి. ఇక్కడే మన వ్యవస్థ బలహీనం. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువకు, చేతులు మారే ధరకు మధ్య దూరం అందరికీ తెలిసిందే. తెలంగాణలో 2013 తర్వాత 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో విలువలు సవరించారు. మధ్యలో ఎనిమిదేళ్లు పుస్తకం కదలలేదు. నగరం ఆ కాలంలోనే పడమర వైపు పరుగెత్తింది. ఆ ఎనిమిదేళ్లలో జరిగిన ప్రతి అమ్మకంలో ప్రజల వాటా పాత ధర మీదే లెక్కించారు.

ఆస్తిపన్ను ఇంకో దారి. విలువ పెరిగేకొద్దీ ఏటా కొంచెం కొంచెం తిరిగి తెచ్చేది ఇదే. వేలంలా ఒక్కసారితో ఆగదు. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి అద్దె అంచనా పద్ధతి వదిలి ఆస్తి మూలధన విలువ మీద పన్నుకు మారింది. సూత్రం సరైనదే. ఒక్కసారిగా భారం పడకుండా పెరుగుదలకు ఏటా 15 శాతం హద్దు పెట్టారు. అయినా జనం నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. ఆ కోపానికి కారణముంది. ఇల్లు అమ్ముకోని రిటైర్డ్ ఉద్యోగికి ఇంటి విలువ పెరగడం కాగితం మీద మాత్రమే. పన్ను మాత్రం నోట్లలో కట్టాలి. అలాంటివారికి అమ్మేరోజున కట్టేలా వాయిదా ఇవ్వడం కొన్ని దేశాల్లో ఉంది. హైదరాబాద్‌లో ఇప్పటికీ అద్దె అంచనాయే ఆధారం.

వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది దీని మీదే. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం. అందులో 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, స్థానిక సంస్థలకు చెందాల్సింది. మిగతాది రాష్ట్రానిది. ప్రభుత్వ భూమి వేలం రాబడి రాష్ట్ర బడ్జెట్ లెక్కల్లో భాగమవుతుంది. డెవలప్‌మెంట్ చార్జీల్లో వాటా హెచ్ఎండీఏ, విశాఖలోని వీఎంఆర్‌డీఏ వంటి సంస్థలది. వీటికి ఎన్నికైన పాలకవర్గం లేదు. చెత్త ఎత్తేది, వీధి దీపం వేసేది, వానాకాలంలో నాలా పూడిక తీసేది మాత్రం మున్సిపాలిటీ.

దీనివల్ల జవాబుదారీతనం తెగిపోతుంది. మణికొండలో ఫ్లాటు కొన్న కుటుంబం రిజిస్ట్రేషన్‌కు లక్షలు కడుతుంది, ట్యాంకర్ నీళ్లకు మళ్లీ డబ్బు పెడుతుంది. తాను కట్టినదానిలో తన వీధికి ఎంత వచ్చిందని అడగడానికి ఒక చోటు లేదు. సావో పాలోలో పత్రం అమ్మిన డబ్బు ఏ వంతెనకు వెళ్లిందో చెప్పగలరు. పిన్హెయిరోస్ నది మీద 2008లో ప్రారంభమైన తీగల వంతెనకు ఆ డబ్బు వాడారు. విమర్శించేవారికి కూడా ఆ లెక్క అందుబాటులో ఉంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది. పని జాబితాలో ఉంది, దానికి తగ్గ రాబడి వేరే ఖాతాల్లో ఉంది.

రాబోయే లైన్ల దగ్గర

హైదరాబాద్ మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్ల ఐదు కారిడార్లకు 24,269 కోట్ల అంచనాతో రాష్ట్రం కేంద్రానికి నివేదిక పంపింది. నగరం చుట్టూ ప్రాంతీయ రింగ్ రోడ్డు భూసేకరణ మీద రైతుల అభ్యంతరాలు సాగుతున్నాయి. ఈ దారుల్లో విలువ రాబట్టే అవకాశం ఎక్కువగా పని మొదలుకాక ముందే ఉంటుంది. స్టేషన్ ఎక్కడో, ఇంటర్‌ఛేంజ్ ఎక్కడో వార్త పొక్కిన రోజునే ధర లేస్తుంది, రైలు నడిచే రోజున కాదు. మొదట అమ్మిన రైతు పాత ధరకు అమ్మి వెళ్లిపోతాడు. ముందే సమాచారం తెలిసినవాడు కొని, రెండు మూడు చేతులు మార్చి, చివరికి ఫ్లాటు కొనే ఉద్యోగికి పెరిగిన పూర్తి ధరకు అంటగడతాడు. అప్పుడు తీరిగ్గా బెటర్‌మెంట్ చార్జీ వేస్తే, అది పడేది లాభం చూసినవాడి మీద కాదు, అప్పటికే బ్యాంకు లోనుతో మొత్తం కట్టేసినవాడి మీద.

అందుకే మార్గం ప్రకటించే నోటిఫికేషన్‌లోనే మూడు విషయాలు ఉండాలి: ఆ రోజు నాటి భూమి విలువల పట్టిక, ఆ తర్వాతి పెరుగుదలలో ప్రజల వాటా ఎంత శాతమో, ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళుతుందో. మెట్రో మొదటి దశలో, ఔటర్ రింగ్ రోడ్డులో ఈ మూడూ లేవు. రెండో దశ కారిడార్లలో కొన్నిచోట్ల ఇంకా పొలాలే ఉన్నాయి, పట్టాదారు పాసుపుస్తకాలు ఇంకా రైతుల పేరునే ఉన్నాయి.